మియాటా ఎందుకు ఒరుగుతుంది, ఎంత ఒరగనివ్వాలి

అందరికీ నమస్కారం. ఈ డాలస్ ఎండలో, శనివారం పూట ఇంత దూరం వచ్చినందుకు చాలా సంతోషం. బయట పార్కింగ్‌లో మూడు మియాటాలు, అదే మాజ్దా వాళ్ల చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు, చూశాను. వాటి యజమానులు ఏం అడుగుతారో నాకు తెలుసు. "అన్నా, మలుపులో కారు మరీ ఒరుగుతోంది, ఏ స్వే బార్ కొనమంటావ్?" స్వే బార్ అంటే ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ని కలుపుతూ కారు ఒరగడాన్ని అడ్డుకునే ఉక్కు కడ్డీ. దాని సంగతి చెప్తాను. కానీ చివర్లో.

తిరుమల ఘాట్‌లో బస్సెక్కినవాళ్లకి బాడీ రోల్ అంటే ఏంటో వివరించక్కర్లేదు. బస్సు మలుపు తిరుగుతుంటే పక్కనున్నాయన భుజం మీద పడతాం. కారు బాడీ కూడా అంతే. కింద టైర్లు రోడ్డుని పట్టుకుని లోపలికి లాగుతుంటాయి, బరువేమో దాదాపు అర మీటరు ఎత్తున కూర్చుని ఉంటుంది. బయటివైపు స్ప్రింగులు నొక్కుకుంటాయి, లోపలివైపువి సాగుతాయి.

ఇప్పుడొక చిన్న లెక్క. కారు బరువు 1000 కిలోలు అనుకోండి. గురుత్వ కేంద్రం 46 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ఎడమ కుడి టైర్ల మధ్య దూరం 150 సెంటీమీటర్లు. మలుపులో 0.9 జీ, అంటే కారు బరువులో తొంభై శాతమంత పక్కకి లాగే బలం, వచ్చిందంటే 276 కిలోల భారం లోపలి టైర్ల నుంచి బయటి టైర్లకి మారుతుంది. 500, 500గా ఉన్నది 776, 224 అవుతుంది. ఈ లెక్కలో స్ప్రింగు ఎక్కడైనా కనిపించిందా? బార్ కనిపించిందా? లేదు. కారు ఒరిగినా ఒరగకపోయినా ఆ భారం మారడం దాదాపు అంతే. ఆ భారం విషయంలో బార్ చేసేదల్లా, అందులో ముందు టైరు ఎంత మోయాలి, వెనక టైరు ఎంత మోయాలి అనే పంపకం మార్చడమే.

మరి ఒరుగు తగ్గించడం ఎందుకు? కారు ఒరిగితే టైరు కూడా దాంతో కొంత వాలుతుంది, నేలకి పూర్తిగా ఆనదు. గ్రిప్ పోయేది అక్కడే. ఇంకోటి, ఎడమకీ కుడికీ వెంటవెంటనే తిప్పాల్సిన చోట బాడీ ఒక పక్క నుంచి రెండో పక్కకి వాలేదాకా మనం కాచుకోవాలి. ఆటోక్రాస్ పోటీలో కోన్ల మధ్య నడిపినవాళ్లకి ఆ క్షణం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలుసు.

మాజ్దా వాళ్లు 1989 ఫిబ్రవరిలో షికాగో షోలో ఈ కారుని చూపించిన నాటి నుంచి పట్టుకున్న మాట ఒకటుంది, 'జింబా ఇట్టై'. గుర్రమూ రౌతూ ఒకటే కావడం. కొంచెం ఒరగనిస్తేనే టైరు ఎంత కష్టపడుతోందో నడిపేవాడి నడుముకి తెలుస్తుంది. 2022 మోడల్‌లో ఒరుగు తగ్గించాలనుకున్నప్పుడు కూడా వాళ్లు మలుపులో లోపలివైపు వెనక చక్రానికి సన్నగా బ్రేక్ వేసి, పైకి లేచే బాడీని కిందికి లాగే పద్ధతి పెట్టారు. బరువు ఒక్క గ్రాము పెరగలేదు. నాకు ఆ ఆలోచనంటే ఎంతో గౌరవం.

నేను మాత్రం ఆ ఓపిక చూపించలేదు. మొదట కొన్నది వెనక లావు బార్. ఎండలో బ్రహ్మాండంగా తిరిగింది. మొదటి వానకి, హైవే దిగే ర్యాంప్ మీద వెనక టైర్లు వదిలేశాయి. ఎదురు స్టీరింగ్ ఇచ్చేలోపే కారు అడ్డం తిరిగింది. వెనక ఇంకో బండి లేదు కాబట్టి ఇవాళ మీ ముందున్నాను. బార్ పాడైంది కాదు, అది చెయ్యాల్సిన పనే చేసింది. బయటి వెనక టైరు మీద దాని శక్తికి మించి భారం వేసింది.

అందుకే పాత కారైతే ముందు బుష్‌లు, అంటే సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు, చూడండి. రబ్బరు పగిలిపోయి ఉంటే పైన ఎంత ఖరీదైన సామాను వేసినా వృథా. కొత్తవి వేశాక కారు జాకీ మీద వేలాడుతుండగానే బోల్టులు బిగించకండి. కారుని చక్రాల మీద దించి, అది మామూలుగా నిలబడే ఎత్తులో బిగించండి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, ఏడాది తిరక్కుండా చిరుగుతుంది.

తర్వాత మంచి టైర్లు, అలైన్‌మెంట్. ఆ తర్వాత షాక్స్, అంటే స్ప్రింగుల ఊపుని అదుపు చేసే షాక్ అబ్జార్బర్లు. షాక్స్ ఒరిగే కోణాన్ని తగ్గించవు, ఎంత వేగంగా ఒరగాలో చెప్తాయి. కానీ సగం మంది "ఒరుగుతోంది" అని బాధపడేది ఆ వేగం గురించే.

స్ప్రింగులు మార్చి కారు ఎత్తు తగ్గించేవాళ్లు షాక్ రాడ్‌కి ఒక జిప్ టై కట్టండి. ఒక రౌండ్ నడిపొచ్చి చూడండి. అది జరుగుతూ పోయి బంప్ స్టాప్, అంటే షాక్ పూర్తిగా నొక్కుకోకుండా ఆపే దిమ్మ, దగ్గర ఆగిందంటే మలుపు మధ్యలో మీ కారుకి స్ప్రింగే మిగల్లేదన్నమాట. అక్కడ కారు ఒక్కసారిగా జారుతుంది.

ఇక బార్. దాని గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 19 మిల్లీమీటర్లది తీసి 22ది పెడితే కంటికి పెద్ద తేడా ఉండదు, గట్టిదనం మాత్రం 1.8 రెట్లు. ముందు బార్ గట్టిపడితే కారు మలుపులో బయటికి పోతుంది, వెనకది గట్టిపడితే తోక తిప్పుతుంది. రెండు కొనల్లోనూ వరసగా రంధ్రాలున్న బార్ కొనండి. చివరి రంధ్రంలో లింక్, అంటే బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ, పెడితే మెత్తన, లోపలి రంధ్రంలో పెడితే గట్టి. చివరి రంధ్రంతో మొదలుపెట్టి, ఒకసారి వానలో కూడా నడిపాకే మార్చండి.

నా కారు బయట నీడలో స్టాండ్ల మీద ఉంది, చక్రాలు విప్పే ఉన్నాయి. పాత బుష్ ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కనే పెట్టాను. రండి, చేత్తో తిప్పి చూద్దురుగాని.