నెత్తురు ఆగేదాకా చెయ్యి తీయరు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మన బెంగళూరు జె.సి. నగర్‌లో పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం ఉంది. పారాచూట్ వేసుకుని దూకేవాళ్ళలో వైద్యులూ ఉంటారన్న సంగతి చాలామందికి తెలియదు. 1951 మార్చిలో కొరియాలోని మున్సాన్ దగ్గర అమెరికన్ దళాలతో పాటు మన 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ జట్టు కూడా దూకింది. దాన్ని నడిపింది లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు.

యుద్ధరంగ వైద్యుడి త్యాగం అనగానే గుండ్లవానలో పరుగెత్తే మనిషి గుర్తొస్తాడు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద ధైర్యం, ఆ గుండ్లవానలో పనిని వరస తప్పకుండా చేయడం.

2001 నుంచి 2011 దాకా యుద్ధాల్లో చనిపోయిన 4,596 మంది అమెరికన్ సైనికుల వివరాలు పరిశీలించారు. 87 శాతం మంది ఆస్పత్రి చేరకముందే పోయారు. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు బతికే వీలున్న వాళ్ళు. ఆ వీలుండీ పోయినవాళ్ళలో పదికి తొమ్మిది మందిని తీసుకుపోయింది రక్తస్రావమే. అందుకే ఊపిరి సంగతి కూడా తర్వాత, ముందు నెత్తురు.

చేతికో కాలికో గాయమైతే టోర్నికెట్, అంటే పుల్ల తిప్పి బిగించే పట్టీ. గాయానికి అయిదు నుంచి ఏడు సెంటీమీటర్ల పైన కట్టాలి, మోకాలి మీద, మోచేతి మీద మాత్రం కట్టకూడదు. కాల్పులు జరుగుతుంటే గాయం వెతుక్కునే వ్యవధి ఉండదు కాబట్టి బట్టల మీదే, కాలికైతే గజ్జకు దగ్గరగా, చేతికైతే చంకకు దగ్గరగా బిగిస్తారు. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. పట్టీని ముందే గట్టిగా లాగకుండా పుల్ల తిప్పితే, ఎన్ని చుట్లు తిప్పినా వదులు పోదు. సగం బిగిస్తే ఇంకా ప్రమాదం: సిరలు మూసుకుంటాయి, ధమని మాత్రం పారుతూనే ఉంటుంది, నెత్తురు ఇంకా ఎక్కువగా పోతుంది. కింద నాడి అందనంతగా బిగించాలి. ఆగకపోతే పక్కనే రెండోది వేయాలి. కట్టిన టైము రాయాలి, ఎందుకంటే రెండు గంటలు దాటితే కాలికి ముప్పు పెరుగుతూ పోతుంది.

బిగించాక భరించలేని నొప్పి. "అన్నా, వదులు చెయ్యి" అని గాయపడినవాడు బతిమాలతాడు. నిన్న రాత్రి పక్కన కూర్చుని అన్నం తిన్నవాడే. వదులు చేయకుండా ఉండడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి.

గజ్జలోనో చంకలోనో గాయమైతే పట్టీకి చోటుండదు. మందు పూసిన గాజ్ గుడ్డను వేలితో లోపలిదాకా, నెత్తురు ఉబికే చోటే కూరి, రెండు చేతులతో మూడు నిమిషాలు నొక్కి పట్టాలి. మధ్యలో ఎత్తి చూస్తే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. ఆ మూడు నిమిషాలూ వైద్యుడు తన తల కాచుకోలేడు, తుపాకీ అందుకోలేడు. తర్వాత దుప్పటి కప్పాలి, ఎండాకాలమైనా సరే. ఒళ్ళు చల్లబడితే నెత్తురు సరిగా గడ్డకట్టదు.

నిజానికి కాల్పుల మధ్యకు వైద్యుణ్ణి తొందరపడి వెళ్ళొద్దనే నేర్పుతారు. ఆయన పడిపోతే మిగతా అందరికీ దిక్కెవరు? అది తెలిసీ వెళ్ళినవాళ్ళున్నారు. 1945 మేలో జపాన్‌లోని ఒకినావా దీవిలో డెస్మండ్ డాస్ అనే అమెరికన్ సైనిక వైద్య సహాయకుడు ఆయుధం పట్టకుండానే, తాడు కట్టి గాయపడినవాళ్ళను కొండ అంచు నుంచి ఒక్కొక్కరినీ దించాడు. 75 మందిని కాపాడాడని లెక్క. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ రెండుసార్లు అందుకున్నవాళ్ళు చరిత్రలో ముగ్గురే, అందులో ఇద్దరు సైనిక వైద్యులు. నోయెల్ చవాస్ 1917లో తాను గాయపడి కూడా క్షతగాత్రుల దగ్గరే ఉండిపోయాడు, ఆగస్టు 4న మరణించాడు. రెండోవాడు ఆర్థర్ మార్టిన్ లీక్, మన వాల్తేరుకు వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వేలో డాక్టరుగా చేసినవాడు.

స్ట్రెచర్ మోసేవాళ్ళను మరిచిపోవద్దు. పటాలంలో బ్యాండు వాయించేవాళ్ళకే యుద్ధంలో ఆ పని అప్పగించడం పాత ఆనవాయితీ. మోసేటప్పుడు వాళ్ళు పడుకోలేరు, పరుగెత్తనూ లేరు.

పక్క గదిలో బల్లల మీద పట్టీలు పెట్టాం. ఎవరి తొడకు వాళ్ళు కట్టి చూడండి. జేబులో ఫోను, తాళాలు ముందే తీసేయండి, అవి అడ్డుంటే బిగింపు సరిగా అందదు. షుగరు ఉన్నవాళ్ళు, కాళ్ళలో రక్తప్రసరణ సమస్య ఉన్నవాళ్ళు కట్టుకోవద్దు, పక్కవాళ్ళకు కట్టడం నేర్చుకోండి.