మేడ మెట్లకి పాత టేకుతో పిల్లల గేటు మనమే చేసుకుందాం

(మొదటి షాట్: మేడ మీద మెట్ల మొదట్లో గేటు మూసి ఉంది. చువ్వల మధ్యలోంచి రెండు చిట్టి చేతులు.)

నమస్తే అండి అందరికీ. ఆ కటకటాల వెనకాల ఉన్న ముద్దాయి మావోడే, పదకొండో నెల. పాకడం మొదలెట్టిన రోజు నుంచి ఇంట్లో ఎన్ని బొమ్మలున్నా వాడి చూపంతా మెట్ల మీదే. మేం పైన ఉంటాం, అమ్మా నాన్నా కింద ఉంటారు, కింద నుంచి నాన్న గొంతు వినపడిందంటే చాలు వీడు ఉన్నపళంగా మెట్ల వైపు బండి తిప్పేస్తాడు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి, పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేశాం, మీలో చాలామందిది ఇదే కథ అయ్యుంటుంది. పెంకుటింట్లో గోదారి వరద భయానికి ఎత్తు అరుగు, దానికి నాలుగు మెట్లు, అంతే. ఇప్పుడేమో లెక్కపెడితే పద్దెనిమిది మెట్లు, అన్నీ నున్నటి గ్రానైటు.

ఈ గేటు నాకు మూడోది. ముందు రెండూ ఎందుకు పోయాయో చెప్తాను, అసలు విషయమంతా అందులోనే ఉంది.

(షాట్: గోడ మీద రెండు రబ్బరు గుండ్రాల మరకలు, దగ్గర నుంచి.)

మొదటిది ఆన్‌లైన్లో కొన్నది. స్క్రూలు అక్కర్లేదు, గోడకి చిల్లు పెట్టక్కర్లేదు, నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు, మర తిప్పితే రెండు గోడల మధ్యా బిగుసుకుంటుంది. రెండు గదుల మధ్య గుమ్మానికైతే బంగారం లాంటిది, మెట్ల కింది వైపుకీ పర్వాలేదు. కానీ మెట్ల పైన పెట్టకూడదండి, దాని కాయితంలోనే రాసుంది, చదివితే కదా! మన గోడలకి పుట్టీ కొట్టి రంగేస్తాం, ఆ నునుపు మీద రబ్బరు మెల్లగా జారుతుంది. ఒకరోజు నేనే చెయ్యి ఆనించి నిలబడ్డాను, ఒక పక్క జానెడు ముందుకెళ్ళిపోయింది. ఇంకోటి, అలాంటి గేట్లకి కింద అడ్డంగా ఇనుప కమ్మీ ఉంటుంది, చంకలో పిల్లాణ్ణి వేసుకుని చీకట్లో దిగేటప్పుడు కాలికి తగిలిందంటే పెద్దాళ్ళం మనమే పడతాం. అందుకే మెట్ల పైన గేటంటే గోడలోకి స్క్రూలతో బిగించాలి, కింద కమ్మీ ఉండకూడదు, ఈ రెండిటి దగ్గర బేరం లేదు.

రెండోది నేను చేశాను. ఫోన్లో ఎక్కడో చూశా, అడ్డ పట్టీలతో భలే స్టైలుగా ఉంది, అలాగే చేసి పెట్టి ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టేశానండి. మా అక్క వాళ్ళమ్మాయికి రెండేళ్ళు, పండక్కి వచ్చింది, ఆ పట్టీల మీద కాలు పెట్టి మూడో దాని దాకా ఎక్కేసింది. నేను గేటు అనుకున్నది ఆ పిల్లకి నిచ్చెన! ఆ సాయంత్రమే విప్పేశాను.

కాబట్టి పట్టీలు నిలువుగానే ఉండాలి. మన పాత మండువా ఇళ్ళల్లో కటాంజనాలు గుర్తున్నాయా, నిలువు చెక్క చువ్వలు, పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, మధ్యలో ఏమీ ఉండదు. స్టైలు కోసం ఎక్కడెక్కడో వెతికాను గానీ మా తాతగారి ఇంటి వసారాలోనే ఉంది.

(షాట్: పెరట్లో పాత తలుపు రెక్కలు, పెంకుల కింద వేసిన రీపర్లు.)

కలప సంగతి. పెంకుటిల్లు తీసినప్పుడు వచ్చిన టేకు ఎవరింట్లోనైనా అటక మీదో పశువుల పాకలోనో పడుంటుంది, ముందు అది చూడండి, ముప్పై నలభై ఏళ్ళు ఆరిన చెక్క వంకర తిరగదు. లేకపోతే వేప తీసుకోండి, మన చెదపురుగులకి వేపంటే పడదు. కొబ్బరి మాను వాడొచ్చా అని అడుగుతారని తెలుసు, కోనసీమలో ఉండి అడక్కపోతే ఎలా! మాను పైచుట్టు గట్టిగా ఉంటుందండి, లోపలికెళ్ళే కొద్దీ మెత్తన, ఆ మెత్తటి భాగంలో స్క్రూ పట్టు నిలవదు. తాటి వాసం బలమే గానీ పీచు లేస్తుంది, చంటోడి అరచేతిలో ఒక్క పీచు గుచ్చుకుంటే రాత్రంతా జాగారమే. సరుగుడు పందిరికి వాడుకుందాం, ఇక్కడొద్దు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మా పాత తలుపుకి ఆకుపచ్చ రంగుంది, పొరలు పొరలుగా. పాత రంగుల్లో సీసం ఉంటుందండి, పిల్లల మెదడుకి అది విషం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదని రూలు 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది, అంటే అంతకుముందు వేసిన రంగుని నమ్మడానికి లేదు. పళ్ళొచ్చే పిల్లలు గేటు పై పట్టీ కొరకడం ఖాయం. అందుకని రంగున్న చెక్కని ఎండు మీద ఉప్పుకాయితం పెట్టి రుద్దెయ్యకండి, ఆ దుమ్మే ప్రమాదం. నేను రంగు ఉన్న రెక్కలు పక్కన పడేసి, రంగు తగలని రీపర్లే వాడాను. మీకు వేరే గతి లేకపోతే పెరట్లో, పిల్లలు లేనప్పుడు, మూతికి మాస్కు కట్టుకుని, తడిపి గీకండి, గీకింది కాయితంలో పొట్లం కట్టి పారెయ్యండి, తర్వాత చేతులు బట్టలు శుభ్రంగా కడుక్కోండి.

(షాట్: టేపు పట్టి గోడ నుంచి రెయిలింగు దాకా కొలత.)

కొలతలు. మా మెట్ల వెడల్పు మూడడుగులు, మిల్లీమీటర్లలో 915. అటు గోడకి ఒక స్తంభం, ఇటు రెయిలింగుకి ఒక స్తంభం, ఒక్కోటి 50. ఆ వంద పోతే 815. బందుల వైపు సందు 3, గడియ వైపు 12, మిగిలింది 800. అదే గేటు వెడల్పు. బందుల వైపు సందు అంత సన్నంగా ఎందుకంటే చిటికెన వేలు దూరకూడదు, గడియ వైపు ఎక్కువ ఎందుకంటే శ్రావణం వచ్చేసరికి మన గాలికి చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలంలో బిగుతుగా చేసిన తలుపు వానాకాలంలో భుజంతో తోస్తే గానీ రాదు కదా, ఆ సంగతి మనకి కొత్తగా చెప్పాలా.

ఇప్పుడు చువ్వలు. ఈ లెక్క తప్పకూడదు. చువ్వకీ చువ్వకీ మధ్య సందు 60 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఏమవుతుందంటే ఒళ్ళు దూరి తల దూరక మెడ దగ్గర ఇరుక్కుంటుంది. అటూ ఇటూ చివర చువ్వలు 50 వెడల్పు, అవి తీస్తే 800లో 700 మిగిలింది. మధ్యలో 25 వెడల్పు చువ్వలు ఏడు పెడితే ఎనిమిది సందులు, ఒక్కోటి 65 పైన వస్తుంది, పనికిరాదు. ఎనిమిది పెడితే 200 పోయి 500, తొమ్మిది సందులు, ఒక్కోటి 55న్నర. ఆయ్, అదే కావాలి. మీ మెట్ల వెడల్పు వేరేగా ఉంటే ఇదే లెక్క మళ్ళీ వేసుకోండి, నా అంకెలు దించెయ్యొద్దు.

(షాట్: చిన్న చెక్కముక్క రెండు చువ్వల మధ్య పెట్టి తీయడం, వేగంగా.)

ప్రతి సందుకీ టేపు పట్టక్కర్లేదు. 55 వెడల్పు చెక్కముక్క ఒకటి కోసుకుని మధ్యలో పెట్టి జరుపుకుంటూ పొండి. ఆఖరి సందు ఓ ఐదు మిల్లీమీటర్లు ఎక్కువై 60 వస్తుంది, హద్దు దాటదు, ఎవరికీ కనపడదు, చెప్పకపోతే.

ఎత్తు 30 అంగుళాలు. పై పట్టీ రెండు ముక్కలు, కింది పట్టీ రెండు ముక్కలు, చువ్వలు ఆ రెండిటి మధ్య శాండ్‌విచ్ లాగ. చువ్వ మందం 20, ఒక్కో పట్టీ ముక్క మందం 12, అటూ ఇటూ రెండు కాబట్టి మొత్తం 44. మెట్ల వైపు నుంచి 40 మిల్లీమీటర్ల స్క్రూ దింపితే మూడు పొరల్లోకీ దిగుతుంది గానీ పిల్లాడి వైపుకి పొడుచుకు రాదు. ముందు సన్న బిట్టుతో చిల్లు పెట్టుకోండి, లేకపోతే చివర్లు పగులుతాయి. ఫెవికాల్ రాసి, చివర చువ్వలకి మాత్రం రెండేసి స్క్రూలు, ఐమూలగా. గేటు కుంగకుండా ఆపేది ఆ రెండు స్క్రూలే. ఐమూల పట్టీ ఒకటి కొట్టేస్తే సరిపోతుంది కదా అన్నారు మా వడ్రంగి మేస్త్రి గారు. వద్దు బాబాయ్, అది మళ్ళీ కాలు పెట్టుకునే మెట్టవుతుంది అన్నాను. ఆయన కాసేపు చూసి, "అయితే మూలలకి ఇనప ఎల్ పట్టీలు వేసెయ్యి, వెనక వైపు" అన్నారు. వేశాను, ఇప్పటికి అంగుళం కూడా కుంగలేదు.

పైన చువ్వల చివర్లు మొనలు తేల్చి డిజైన్ చెయ్యొద్దు, కంటికి తగలొచ్చు, చొక్కా మెడ పట్టుకోవచ్చు. పై పట్టీతో సమానంగా కోసెయ్యండి. అంచులన్నీ చిత్రికతో కాస్త కొట్టి ఉప్పుకాయితం పట్టండి, మీ బుగ్గ ఆనించి రుద్దితే గరుకు తగలకూడదు, అదే పరీక్ష.

(షాట్: డ్రిల్లు బిట్టు గోడలోకి. కింద రాలుతున్న పొడి, దగ్గర నుంచి.)

ఇదిగో ఈ పొడి చూడండి. మొదట బూడిద రంగు వచ్చింది, అది సిమెంటు ప్లాస్టరింగ్. ఇప్పుడు ఎర్రగా వస్తోంది, అది ఇటుక. మనకి పట్టు కావాల్సింది ఈ ఎర్రదాంట్లో. ఎంతసేపటికీ బూడిద రంగే వస్తూ బిట్టు తేలిగ్గా దిగిపోతోందంటే రెండు ఇటుకల మధ్య జాయింట్లో పడ్డారు, అంగుళంన్నర పైకో కిందకో జరపండి. బిట్టు అసలు దిగకుండా గీపెడుతోందంటే అది కాంక్రీటు, హ్యామర్ డ్రిల్లు తెచ్చుకోండి. ప్లగ్గులు పెట్టి నాలుగంగుళాల స్క్రూలు, పైన కింద మధ్యలో మొత్తం మూడు. స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి, మన సముద్రపు గాలికి మామూలు ఇనప స్క్రూ రెండు వానలకి తుప్పు కారి చెక్కని నల్లగా చేస్తుంది. స్తంభం అడుగు నేలకి ఆనకూడదు, వేలెడు మందం పైకి ఉంచండి, రోజూ తడిగుడ్డ పెడతాం కదా, నీళ్ళు పీల్చి కుళ్ళుతుంది.

రెయిలింగు వైపు గొట్టానికి చిల్లు పెట్టొద్దు. యూ క్లాంపులు రెండు వేసి చెక్క స్తంభాన్ని దానికి బిగించెయ్యండి, నట్లు బయటి వైపుకి. రెయిలింగు చువ్వల మధ్య సందు కూడా ఒకసారి కొలవండేం. మాది నాలుగంగుళాలు తేలింది! గేటుకి ఇంత లెక్క వేసి పక్కనే దారి వదిలేశాం, దానికి కింద నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా పాలికార్బొనేట్ షీటు కట్టించాను, ఆ గొడవ ఇంకో వీడియో.

ఇప్పుడు గేటు తగిలించడం. మూడంగుళాల బందులు రెండు, గోడ వైపు. కింద నేలకీ గేటుకీ మధ్య అంగుళంన్నర. గేటు తెరుచుకోవాల్సింది మన వైపుకి, అంటే పైన హాలు వైపుకి. మెట్ల మీదకి తెరుచుకుంటే పిల్లాడు దానికి వేలాడుతూ గాల్లోకి వెళ్ళిపోతాడు, మనమైనా పైకి ఎక్కేటప్పుడు గేటు తెరవడానికి వెనక్కి ఒక మెట్టు దిగాలి, చేతిలో బిందె ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. అందుకని గడియ వైపు స్తంభానికి, మెట్ల వైపున, నిలువుగా ఒక సన్న చెక్క కొట్టండి. మూసినప్పుడు గేటు దానికి తట్టుకుని ఆగిపోతుంది, అవతలికి పోదు. బరువంతా దాని మీదే పడుతుంది, గడియ స్క్రూల మీద కాదు.

గడియ కూడా మెట్ల వైపే, పై పట్టీకి దగ్గరగా. టవర్ బోల్టు ఒకటి, దాని కింద తిప్పే కొక్కెం ఒకటి. రెండూ తియ్యడానికి రెండు రకాల పని కావాలి, ఒకటి లాగాలి, ఒకటి ఎత్తాలి, అది ఏడాది పిల్లాడికి చాతకాదు. మా నాన్నకీ మొదటి రెండ్రోజులు చాతకాలేదనుకోండి, గేటు దాటడానికి కాలెత్తాడు, అమ్మ కింద నుంచి చూసి పెట్టిన కేకకి ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. పెద్దాళ్ళు ఎవరూ గేటు దాటకూడదు, తీసి మూసి వెళ్ళాల్సిందే, చూసి పిల్లలు నేర్చుకుంటారు.

(షాట్: గేటు మూసి, పాతిక కేజీల బియ్యం బస్తా దానికి ఆనించి ఉంది. తర్వాత మోకాలితో నెట్టడం.)

పిల్లాడి కంటే ముందు బియ్యం బస్తాతో పరీక్ష. రాత్రంతా ఆనించి వదిలేశాను, పొద్దున్న స్తంభం దగ్గర గోడకి గీత పడిందా అని టార్చి వేసి చూశాను. గీత లేదు. నెలకోసారి స్క్రూలు బిగించుకోండి, అంతే.

వార్నీషు నీళ్ళతో కలిపే రకం వేశాను, రెండు పూతలు. చువ్వల చివర కోసిన ముఖాలకి మూడు, చెక్క తేమ పీల్చేది అక్కడినుంచే. వాసన పూర్తిగా పోయేదాకా పిల్లాణ్ణి దగ్గరికి రానివ్వలేదు.

ఇంక అందం. పాత గుమ్మం పైన తాతగారి నాటి చెక్కడం ఒకటుంది, పద్మం, అరచెయ్యంత. రంగు తగలని అదృష్టం దానిది. దాన్ని పై పట్టీకి నడిమధ్య మెట్ల వైపు బిగించాను, మేడెక్కి వచ్చేవాళ్ళకి ఎదురుగా కనపడుతుంది, పిల్లాడి వైపు మాత్రం ఏమీ లేదు, నున్నటి చెక్క. మా పిన్నిది నరసాపురం, లేసు అల్లి గేటుకి కడతానంది, ఎంత బాగుంటుందో నాకూ తెలుసు గానీ ఆ కన్నాల్లో వేళ్ళు ఇరుక్కుంటాయి, దారం తెగితే మెడకి చుట్టుకుంటుంది, వద్దన్నాను. అలిగింది. టీవీ మీద వేసుకున్నాం ఇప్పుడు.

ఇది ఎన్నాళ్ళు అంటే, రెండేళ్ళు వచ్చేదాకా, లేదా వాడు గడియ తియ్యడమో ఎక్కడమో నేర్చిన రోజు దాకా, ఏది ముందైతే అది. ఎక్కడం వచ్చాక గేటు ఉంటే లేనిదానికంటే ప్రమాదం, ఇంకాస్త ఎత్తు నుంచి పడతాడు. విప్పి దాచుకోండి, కింద వీధి గుమ్మానికి ఇలాంటిదే ఇంకోటి చెయ్యమంటోంది మా ఆవిడ, ఎదురుగా పంట కాలువ ఉంది కాబట్టి. అది ఈ ఆదివారం పని.

(ఆఖరి షాట్: అమ్మ మెట్లెక్కి వస్తోంది, చేతిలో పసుపు గిన్నె.)

మొన్న గేటు బిగించగానే అమ్మ పైకొచ్చింది. ఇంట్లో కొత్త తలుపు పెడితే పసుపు రాసి బొట్టు పెట్టకుండా ఉంటుందా! చువ్వలన్నిటికీ రాసేసింది. మావోడు ఐదు నిమిషాల్లో రెండు చువ్వలు నాకేశాడు, మూతంతా పసుపు. "అమ్మా, బొట్లు మెట్ల వైపు పెట్టవే" అంటే, "ఒరేయ్, లక్ష్మీదేవి ఎటునుంచి వస్తుందిరా, మెట్ల వైపు నుంచే కదా" అని తనే అటు తిరిగి పద్మానికి పెట్టింది.