‘ఇష్టమేనా’ అని తలుపు మూసి అడుగుండ్రి

ఫాదర్లకు, సిస్టర్లకు వందనాలు. జనగామ, నర్సంపేట, ములుగు దిక్కుల నుంచి పొద్దుగాల బస్సెక్కి కాజీపేట దాక వచ్చిన, ఊర్లల్ల మతబోధ చెప్పే ఉపదేశులకు, పెండ్లి తయారీ క్లాసులు చెప్పే అన్నలకు, అక్కలకు వందనాలు. ఇంకా పేర్లు సదువుకుంట పోతె అన్నాలు సల్లారుతయి. ఈడికి ఆపుత.

యేసు, మరియమ్మ, యోసేపుల తిరుకుటుంబ పండుగ గదా, ఇంట్ల జపమాల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నరు. చెప్త. అయితే ఆ జపమాలల రోజూ కూసునే పిలగాడొకడు ఉంటడు. గుడిల పాటలు పాడుతడు, క్రిస్మస్‌కు పశువుల పాక కడుతడు. ఆనికి ఆడపిల్లల మీదికి మనసు పోదు, మగోళ్ళ మీదికే పోతది. గే అంటరు. ‘మా విచారణల (పారిష్‌ల) అసుంటోళ్ళు లేరు’ అని మీరు అనుకుంటె, మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ముందుగాల మాట సంగతి. పేపర్లల్ల ‘స్వలింగ సంపర్కుడు’ అని రాస్తరు. సంపర్కం అంటె పని. మనసుకున్న ఆకర్షణ పేరు గాదది. ఎవ్వరినీ ముట్టని పిలగానికి గుడ ఆ పేరే తగిలిస్తె, చెయ్యని పనికి దోషిని చేసినట్టు. మన సత్యోపదేశం, అంటె కతోలిక చర్చి బోధల పుస్తకం, ఆకర్షణను వేరే, పనిని వేరే చేసి చెప్పింది. 2357, 2358, 2359, మూడు పేరాలు ఒకదాని పక్కనొకటి ఉన్నయి. మొదటిది ఆ పనులను ఒప్పుకోలేమంటది. రెండోది ఆ మనుషులను గౌరవంతోని, జాలితోని, సున్నితంగ దగ్గరికి తీయాలె, వాళ్ళ మీద అన్యాయమైన వివక్ష పనికిరాదంటది. మూడోది వాళ్ళకు గుడ శీలంగ బతికే పిలుపున్నదంటది. మొదటిది మనందరికి నోటికొచ్చు. రెండోది ఎంతమందికి వచ్చు? చేతులెత్తొద్దు, ఊకె అడిగిన.

వాట్సాప్‌ల తిరుగుతున్న ముచ్చట గుడ ఒక్క నిమిషంల తేలుద్దాం. ‘పోపుగారు మగోళ్ళకు మగోళ్ళకు పెండ్లి ఒప్పుకున్నరు’ అన్నది అబద్ధం. 2023 డిసెంబర్ 18న రోము ఇచ్చిన పత్రం, దీవెన అడిగిన జంటకు పూజ పద్ధతి లేకుంట, పెండ్లి అనే పోలిక లేకుంట చిన్న ప్రార్థన చేయొచ్చన్నది. పెండ్లి గురించిన బోధ మారలేదని అండ్లనే ఉన్నది. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న ఇష్టపడ్డ పెద్దోళ్ళ నడుమ ఇసుంటి సంబంధం నేరం గాదన్నది, 2023 అక్టోబర్ 17న పెండ్లి హక్కు మాత్రం ఇయ్యలేదు. అయిపాయె.

ఇగ పాపసంకీర్తనం, అంటె గురువు దగ్గర పాపాలు చెప్పుకునుడు. ఆకర్షణ ఉన్నదని చెప్పుకుంటె అది పాపం చెప్పుకున్నట్టు గాదు, బరువు దించుకున్నట్టు. అండ్ల విన్నది గురువు ఇంట్లోళ్ళకు చెప్పుడు కాదు గదా, సైగ చేసుడు గుడ తప్పే. చర్చి చట్టంల 983వ కానను, అంటె సెక్షను, నోటికి ఏసిన ముద్ర అది. 984 ప్రకారం ఆ తెలిసిన సంగతిని చెప్పుకున్నోనికి నష్టం కలిగేతట్టు వాడుకోవద్దు. అంటె గుడిల పాటల జట్టులకెళ్ళి మెల్లగ తప్పించుడు గుడ కుదరదు. ఉపదేశులకు ఈ ముద్ర లేదు, నిజమే. అయినా 220వ కానను ఒకటున్నది: ఎవరి మంచిపేరునూ అక్రమంగ చెరపొద్దు, ఎవరి ఆంతరంగికతనూ భంగపరచొద్దు. అది మీకు నాకు అందరికి.

దయ్యం పట్టిందని రాత్రంత ప్రార్థనల కూసోబెట్టి తల మీద చేతులు పెట్టి అరిచేటోళ్ళకు: దయ్యాన్ని వెళ్ళగొట్టే క్రియకు బిషప్‌గారి ప్రత్యేక అనుమతి కావాలె, 1172వ కానను. అనుమతి ఉన్నదా? డాక్టరు దగ్గరికి తీస్కపోతమంటరా, ఇది జబ్బుల పట్టికల లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల తీసేసింది. ‘మారుస్త’ అని పైసలు తీసుకునే డాక్టరుది వృత్తి దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022ల తేల్చింది.

జపమాల గురించి చెప్తనన్న గదా. చెప్త, ఆగుండ్రి. అసలు కడుపుమంట ఇక్కడున్నది.

‘పెండ్లి చేస్తె సర్దుకుంటది.’ వరంగల్ల, భూపాలపల్లిల, యాడికి పోయినా గిదే మాట. సర్దుకోదు. పిలగానికి సర్దుకోదు, వచ్చిన పిల్లకు అసలే సర్దుకోదు. ఏం తక్కువ చేసిన్నో అని ఆ పిల్ల అద్దం ముందట నిలబడి తన మొకంల తప్పులు ఎతుక్కుంటది. అది ఎవరి బిడ్డ? మీ అసుంటోళ్ళ బిడ్డే గదా!

1057వ కానను సదువుండ్రి. పెండ్లిని చేసేది ఇద్దరి సమ్మతి, దాని జాగల ఏ మానవశక్తీ నిలబడలేదు. నాయిన గాదు, మేనమామ గాదు, ఫాదర్ గుడ గాదు. 1103: బలవంతంతోనో, తప్పించుకోలేని పెద్ద భయంతోనో అయిన పెండ్లి చెల్లదు. కొట్టుడే బలవంతం గాదు. ‘తాళి కట్టకుంటె మందు తాగుత’ అని అవ్వ అంటె అది గుడ భయమే. 1098: సమ్మతి దొరకాలని, కాపురాన్ని చెడగొట్టే సంగతిని కావాలని దాచి మోసం చేస్తె, అది గుడ చెల్లదు. పిల్లవాళ్ళకు చెప్పొద్దని ఇంటిల్లిపాది ఒట్లేసుకున్న దగ్గర ఏమున్నట్టు?

అయితే చెల్లదని తేల్చుకునుడు అల్కగ గాదు. చర్చి కోర్టుల అర్జీ పెట్టాలె, సాక్షులు రావాలె, ఇద్దరి లోపటి ముచ్చట్లు కాయిదం మీదికెక్కాలె. 2015 మార్పుల తర్వాత చెల్లదన్న తీర్పు ఒక్కటి చాలు, అప్పటిదాంక రెండు కావాల్సుండె. అది అయినంక సర్కారు లెక్కల పెండ్లి అట్లనే ఉంటది. సివిల్ కోర్టుకు వేరే ఎక్కాలె, 1869 విడాకుల చట్టం కింద.

గివన్ని రాకుంట ఆపే జాగ ఒక్కటే, పెండ్లి ముందటి విచారణ. పిలగాన్ని వేరే, పిల్లను వేరే అడుగుడు అందుకే పెట్టిన్రు. మన దగ్గర ఏమైతది? ఫారం నింపుతుంటరు, నాయిన తలుపు కాడ నిలబడి ఉంటడు, ‘ఇష్టమేనా?’ ‘ఇష్టమే.’ సంతకం. ఐదు నిమిషాలు. తలుపు మూయుండ్రి. నాయినను చాయ్ తాగ పంపుండ్రి. అవునో కాదో అని జవాబొచ్చే ప్రశ్న అడగొద్దు. ‘ఈ పెండ్లి వద్దంటె ఇంట్ల ఏమైతది?’ అని అడుగుండ్రి. అడిగి మీరు సప్పుడు చెయ్యకుండ్రి. ఆ పిలగాడు నేల చూస్తుంటె రెండు నిమిషాలు చూడనీయుండ్రి. వద్దు అన్నడనుకో, ఎందుకో బయట చెప్పొద్దు. ‘తయారీ పూర్తి కాలేదు’ అంటె చాలు, అది అబద్ధం గుడ గాదు.

గుడిల పెండ్లి కబురు సదివే మూడో ఆదివారం చాటింపు అయినంక గుడ ఆపొచ్చు. ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ పోతది. పోనీయుండ్రి. కార్డులు కొట్టించిన్రు, పోనీయుండ్రి.

పెండ్లి కాకుంటె ఆ పిలగాడు గుడిల ఏం చెయ్యాలె అంటరా? పాటలే పాడాలె. పఠనం సదవాలె. అక్క కొడుకు బాప్తిస్మంల జ్ఞానతండ్రిగ నిలబడొచ్చా అంటె 874వ కానను తీయుండ్రి: పదహారేండ్లు నిండాలె, భద్రమైన అభ్యంగనం (నూనె రాసి విశ్వాసంల బలపరిచే సంస్కారం), దివ్యసత్ప్రసాదం (పూజల ఇచ్చే అప్పం) పొంది ఉండాలె, విశ్వాసానికి తగ్గట్టు బతకాలె. అండ్ల పెండ్లి కావాలని రాసి లేదు.

ఎనక వరసల అవ్వ చెయ్యెత్తింది. మైకు అటియ్యుండ్రి. జపమాల సంగతి అన్నం తిన్నంక చూద్దాం.