డాక్టరేట్ తర్వాత కొలువు ఎంతకాలం? జర్మనీ కాంట్రాక్టు చట్టంపై చర్చా కార్యక్రమం

సంధానకర్త: నమస్కారం. జర్మనీలో పరిశోధకుల తాత్కాలిక ఒప్పందాలను నియంత్రించే 2007 నాటి చట్టాన్ని సవరించే ప్రయత్నం, 2024 నవంబరులో అక్కడి సంకీర్ణ ప్రభుత్వం కూలడంతో మధ్యలోనే ఆగిపోయింది. కొత్త ప్రభుత్వం మళ్లీ హామీ ఇవ్వడంతో వివాదం తిరిగి రాజుకుంది. మనతో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పోస్ట్‌డాక్‌గా, అంటే డాక్టరేట్ తర్వాతి తాత్కాలిక పరిశోధన కొలువులో ఉన్న జీవశాస్త్ర పరిశోధకుడు, జర్మనీలో బోధించి పదవీ విరమణ చేసిన ఆచార్యులు, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చేసి పరిశ్రమలో చేరిన ఇంజనీరు ఉన్నారు. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాం. ముందుగా సూటి ప్రశ్న: మన పిల్లలు అక్కడికి పీహెచ్‌డీకి వెళ్లాలా, వద్దా?

పరిశోధకుడు: అంతకన్నా ముందు చట్టం ఏమంటుందో చెప్పనివ్వండి. డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు, వైద్యశాస్త్రంలోనైతే తర్వాత తొమ్మిదేళ్లు తాత్కాలిక ఒప్పందాలపై పనిచేయించుకోవచ్చు. ఆ గడువు దాటితే శాశ్వత ఉద్యోగమైనా ఇవ్వాలి, బయటి నిధులతో నడిచే ప్రాజెక్టు ఒప్పందమైనా దొరకాలి, లేదా నలభై ఏళ్ల వయసులో విశ్వవిద్యాలయం వదిలి వెళ్లాలి. ప్రభుత్వ నిధులతోనే వెలువడిన 2021 నివేదిక ప్రకారం, ఆచార్యులను మినహాయిస్తే, విశ్వవిద్యాలయాల్లో 45 ఏళ్లలోపు పరిశోధక సిబ్బందిలో 92 శాతం మంది తాత్కాలిక ఒప్పందాలపైనే ఉన్నారు.

ఆచార్యులు: ఆ అంకెలో పీహెచ్‌డీ చేస్తున్నవారు కూడా కలిసి ఉన్నారు. పీహెచ్‌డీ స్వభావరీత్యా కొంతకాలానికి ముగిసేదే కదా. పోస్టులన్నీ ఒక తరమే శాశ్వతంగా పట్టుకుంటే తర్వాతి తరానికి...

పరిశోధకుడు: క్షమించాలి సార్, 2021 జూన్‌లో మంటపుట్టించినది సరిగ్గా ఆ వాదనే! జర్మనీ విద్యా, పరిశోధన మంత్రిత్వశాఖ వీడియోలో హన్నా అనే కల్పిత జీవశాస్త్రవేత్తను చూపించి, ఒక తరం వ్యవస్థను మూసేయకుండా ఉండాలంటే ఈ గడువు అవసరమన్నారు. వేలమంది పరిశోధకులు ‘నేనే హన్నా’ అంటూ తమ ఒప్పందాల చరిత్రను బయటపెట్టారు. మంత్రిత్వశాఖ ఆ వీడియోను తొలగించింది, చట్టాన్ని మాత్రం తొలగించలేదు.

సంధానకర్త: అయితే వెళ్లవద్దనేనా మీ సమాధానం?

పరిశోధకుడు: నేను అలా అనలేదు. ఒప్పందం గడువు దగ్గరపడినప్పుడు మా ప్రయోగశాలలో జరిగేది చెబుతాను. పొడిగింపు ఉందో లేదో ప్రాజెక్టు నిధులు తేలేవరకు ఎవరికీ తెలియదు. విదేశీ పరిశోధకుడి నివాస అనుమతి ఆ కాగితంతోనే ముడిపడి ఉంటుంది. విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్ దొరకదు, ఇంటి యజమాని జీతం పత్రాలు అడుగుతాడు, పిల్లను బడిలో చేర్చాలా వద్దా అన్నది తేలదు. అదే సమయంలో ప్రయోగమూ సాగాలి, పత్రమూ రాయాలి.

ఇంజనీరు: నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ విద్యార్థిని ఉద్యోగిగా నియమించి, సాధారణంగా నాలుగేళ్ల ఒప్పందం ఇస్తారు. నేను పూర్తి జీతంతో...

పరిశోధకుడు: చూశారా! జర్మనీలో చాలా విభాగాల్లో పీహెచ్‌డీ వారికి 65 శాతం పని ఒప్పందమే ఇస్తారు, పని మాత్రం నూటికి నూరుపాళ్లు చేయించుకుంటారు.

ఇంజనీరు: నా మాట పూర్తికాలేదు. డాక్టరేట్ తర్వాత పరిశ్రమలోకి రావడాన్ని ఓటమిగా చూడకూడదని చెప్పబోతున్నాను.

ఆచార్యులు: అది నిజం. జర్మనీలో ఏటా 25 వేలకు పైగా డాక్టరేట్లు ఇస్తారు, వారిలో వైద్యులే వేలల్లో ఉంటారు. అందరూ ఆచార్యులు కావాలనుకోరు. ఆ బిరుదుకు అక్కడ ఎంత గౌరవమంటే గుర్తింపు కార్డు మీద కూడా రాయించుకోవచ్చు. తమ డాక్టరేట్ సిద్ధాంత వ్యాసాల్లో గ్రంథచౌర్య ఆరోపణలపై 2011లో రక్షణ మంత్రి, 2013లో విద్యామంత్రి పదవులు వదులుకున్నారు.

సంధానకర్త: ఆసక్తికరమైన విషయం. అంటే ఆ బిరుదుతో మన పిల్లలకు కంపెనీల్లో మంచి ఉద్యోగం ఖాయమా?

ఆచార్యులు: ఖాయమని ఎవరూ చెప్పలేరు. అయితే 2017లో మొదలైన కార్యక్రమం కింద వెయ్యి టెన్యూర్-ట్రాక్ ఆచార్య పదవులకు, అంటే పనితీరు బాగుంటే శాశ్వతమయ్యే పదవులకు నిధులు కేటాయించారు...

పరిశోధకుడు: వెయ్యి! ఏటా పట్టా పుచ్చుకునేవారి సంఖ్య ఇప్పుడే మీరు చెప్పారు.

ఆచార్యులు: రెండింటినీ అలా పోల్చడం న్యాయం కాదు, ఎందుకంటే...

పరిశోధకుడు: 2023 మార్చిలో పోస్ట్‌డాక్ గడువును మూడేళ్లకు కుదిస్తామన్న ప్రతిపాదనను నిరసనల వల్ల కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2024లో నాలుగేళ్లు, ఆ తర్వాత శాశ్వత ఉద్యోగ హామీతోనే మరో రెండేళ్లు అన్న బిల్లు తెచ్చారు, అది చట్టం కాలేదు. గడువు తగ్గించడం కాదు, శాశ్వత పోస్టులు పెంచడం ముఖ్యమని మళ్లీ చెబుతున్నాను.

ఆచార్యులు: ఆ డబ్బు రాష్ట్రాలు ఇవ్వాలి. విశ్వవిద్యాలయాల మూల నిధులు రాష్ట్రాల చేతిలో ఉంటే, కాంట్రాక్టు చట్టం కేంద్రం చేతిలో ఉంది. ఈ చిక్కు విప్పకుండా...

సంధానకర్త: సమయం దగ్గరపడింది. మేడమ్, ఒక్క మాటలో, వెళ్లాలా వద్దా?

ఇంజనీరు: ఒక్క మాటలో చెప్పే విషయం కాదండీ. చేరేముందు ఒప్పందం ఎన్నేళ్లు, ఎంత శాతం జీతం అని రాతపూర్వకంగా అడగాలి, అదే ప్రయోగశాలలో ముందు చేరినవారు...

పరిశోధకుడు: ముందు చేరినవారు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా అడగాలి! శాశ్వత ఉద్యోగం ఎందరికి వచ్చిందో ఆ ప్రొఫెసర్‌నే అడగాలి. నేను అడగమంటున్నది అదే.

సంధానకర్త: ఆచార్యుల గారి సమాధానానికి సమయం లేదు. విరామం తర్వాత ప్రేక్షకుల ఫోన్ కాల్స్ తీసుకుందాం.