ఆక్సిజన్‌తో ముప్పై ఏళ్లు

సభాధ్యక్షులకు, పెద్దలకు, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

నా పరిశోధన గురించి చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు రాడికల్ రసాయనం ఒక భాగంగా, కాంతితో గట్టిపడే పూతలు మరో భాగంగా విడదీసి చెబుదామనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక ఆ విభజన నిలవలేదు. ఫ్లాస్కు ముందు నిలబడినా, ప్రెస్సులో యంత్రం పక్కన నిలబడినా, ముప్పై ఏళ్లుగా నేను వెంటాడింది ఒకే ప్రశ్నను: జత లేని ఎలక్ట్రాన్ ఉన్న కార్బన్‌కు గాలిలోని ఆక్సిజన్ ఎదురైతే ఏమవుతుంది?

మన పాఠ్యపుస్తకాలు స్వేచ్ఛా ప్రాతిపదిక అని పిలిచే ఈ రాడికల్‌ను మొదట పట్టుకున్న కథలోనే ఆ ప్రశ్న ఉంది. 1900లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ హెక్సాఫినైల్ ఈథేన్ అనే కర్బన సమ్మేళనాన్ని తయారు చేయబోయారు. ట్రైఫినైల్‌మిథైల్ క్లోరైడ్‌ను వెండితో చర్య జరిపిస్తే తెల్లని ఘనపదార్థం వచ్చింది కానీ, విశ్లేషణలో 94 శాతం దాకా ఉండవలసిన కార్బన్ 88 శాతమే తేలింది. చేతికి వచ్చిన అంకెను పక్కన పడేయకుండా, తక్కువైన ఆ ఆరు శాతం ఎక్కడికి పోయిందని ఆయన వెతికారు. అది ఆక్సిజన్. గాలి తగలకుండా కార్బన్ డయాక్సైడ్ వాయువు కింద మళ్లీ చేస్తే రాడికల్ ఉన్న పసుపు రంగు ద్రావణం వచ్చింది, గాలి తగలగానే ఆ రంగు పోయి, ఆక్సిజన్ చేరిన తెల్లని పెరాక్సైడ్ మిగిలింది. మామూలుగా నాలుగు బంధాలు కట్టే కార్బన్ మూడు బంధాలతో కూడా నిలబడగలదని లోకానికి తెలిసింది ఆ రోజుల్లోనే. నన్నడిగితే, రాడికల్ జాడను పట్టి ఇచ్చింది ఆక్సిజనే.

ఆ ప్రయోగాన్ని నేను పరిశోధన మొదటి ఏడాదిలో చేశాను. నైట్రోజన్‌ను సరిగా పంపకుండా తొందరపడటం వల్ల మూడుసార్లు చెడగొట్టాను. నాలుగోసారి నిమ్మపండు రంగు నిలిచింది. మూత ఒక్క క్షణం తీసి, మళ్లీ బిగించి, ఫ్లాస్కును కుదిపాను. రంగు మాయమై నీళ్లలా తేటబడింది. బల్ల మీద పెట్టి చూస్తుండగానే అడుగు నుంచి మెల్లగా పసుపు మళ్లీ పైకి వచ్చింది. ఉన్న రాడికల్‌ను ఆక్సిజన్ తినేస్తే, జంటగా ముడిపడి ఉన్న అణువులు విడిపోయి కొత్త రాడికల్స్‌ను ఇస్తున్నాయన్నమాట. కుదిపిన ప్రతిసారీ పోవడం, వదిలేస్తే తిరిగి రావడం. ఆ సాయంత్రం మెస్సుకు వెళ్లడం కూడా మరిచిపోయాను. నేను ఈ రంగంలో ఉండిపోవడానికి కారణం చెప్పమంటే ఆ ఫ్లాస్కునే చూపిస్తాను.

పూతల వైపు రావడం తరువాతి సంగతి. నూనెల మీద, పూతల మీద పరిశోధన మన హైదరాబాద్‌కు కొత్త కాదు. 1944లో నిజాం రాజ్యపు ప్రయోగశాలగా మొదలై, 1956లో కేంద్ర పరిశోధనా మండలి సీఎస్ఐఆర్‌లో చేరి, 1989 నుంచి ఐఐసీటీగా (భారత రసాయన సాంకేతిక సంస్థగా) పిలవబడుతున్న తార్నాకలోని సంస్థకు ఆ పని పాతదే. క్రికెట్ బ్యాటుకు అవిసె నూనె రాసి ఎండలో పెట్టని పిల్లలు ఈ సభలో తక్కువే ఉంటారు. ఆ నూనె ఆరడమంటే నీళ్లలా ఆవిరైపోవడం కాదు. నూనె ఆక్సిజన్‌ను పీల్చుకుని, రాడికల్స్ ద్వారా అణువు అణువుతో ముడిపడి పొరగా మారుతుంది, అందుకే ఆరుతున్నకొద్దీ దాని బరువు పెరుగుతుంది. ఇక్కడ ఆక్సిజన్ లేకపోతే పూతే లేదు. కానీ దానికి రోజులు పడుతుంది.

కాంతితో గట్టిపడే పూతకు సెకను కూడా అక్కర్లేదు. చిన్న అణువులు గొలుసులుగా కలవగల అక్రిలేట్ అనే ద్రవంలో, కాంతి పడితే చర్యను మొదలుపెట్టే ఫోటోఇనీషియేటర్‌ను కొద్దిగా కలుపుతారు. దాని మీద అతినీలలోహిత కాంతి పడితే కార్బొనైల్ (కార్బన్, ఆక్సిజన్ జంట బంధంతో కలిసిన చోటు) పక్కనున్న బంధం తెగి రెండు రాడికల్స్ పుడతాయి. 1967లో నోబెల్ బహుమతి పంచుకున్న నోరిష్ పేరుతోనే ఆ తెగడాన్ని పిలుస్తాం. అక్కడి నుంచి గొలుసు చర్య సాగి ద్రవమంతా వలలా బిగుసుకుంటుంది. మన ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్ మీది పూత ఇదే. పంటి డాక్టరు నీలి కాంతితో గట్టిపరిచే ఫిల్లింగ్ కూడా ఈ కుటుంబానిదే. చిక్కల్లా ఏమిటంటే, పెరుగుతున్న గొలుసు చివరి రాడికల్ తరువాతి అక్రిలేట్‌తో కలిసే వేగం కన్నా ఆక్సిజన్‌తో కలిసే వేగం దాదాపు లక్ష రెట్లు ఎక్కువ. అలా పుట్టిన పెరాక్సీ రాడికల్ గొలుసును ముందుకు నడిపించలేదు. లోపల రాయిలా గట్టిపడిన పూత పైపొరలో జిగటగా మిగిలిపోతుంది.

దీన్ని నేను కళ్లారా చూసింది ఛత్తా బజార్‌లోని ఒక ప్రెస్సులో. శ్రావణమాసపు పెళ్లిళ్ల కోసం వేసిన శుభలేఖలు దొంతర పెట్టిన చోటే ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీస్తే దేవుడి బొమ్మ మీది వార్నిష్ ఊడి పక్క కార్డుకు వచ్చింది. వానాకాలపు చెమ్మ వల్లే అని అందరూ అనుకున్నారు. నేను చూసింది వేరు: వార్నిష్‌ను గట్టిపరిచే అతినీలలోహిత ల్యాంపు ఆయుష్షు తీరింది, వెనకనున్న అద్దం మసకబారింది, వార్నిష్ పొర అయిదారు మైక్రాన్లే. పొర పలచనయ్యేకొద్దీ అందులోకి చేరే ఆక్సిజన్ వాటా పెరుగుతుంది, ల్యాంపు నీరసించేకొద్దీ దానితో పోటీపడే రాడికల్స్ తగ్గుతాయి. ల్యాంపు మార్చి, అద్దం తుడిచి, వార్నిష్‌లో అమీన్ అనే, నైట్రోజన్ ఉన్న కర్బన పదార్థాన్ని కాస్త కలిపించాను. అమీన్ నుంచి పుట్టిన రాడికల్ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, అలా వచ్చిన పెరాక్సీ రాడికల్ మరో అమీన్ నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది, ఆ అమీన్ ఇంకో ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. గోంబర్గ్ ఫ్లాస్కులో రంగును చెరిపిన చర్యనే ఇక్కడ పనికి పెట్టాం.

ఇప్పుడు పాదరసపు ల్యాంపుల స్థానంలో ఎల్ఈడీలు వస్తున్నాయి. విద్యుత్తు ఆదా అవుతుంది, ఓజోన్ పుట్టదు, మంచిదే. కానీ 395 నానోమీటర్ల ఎల్ఈడీలో పైపొరను బిగించే పొట్టి తరంగాల కాంతి ఉండదు కనుక పాత జిగట మళ్లీ తలెత్తింది. ఆ తరంగదైర్ఘ్యానికి బాగా పనిచేసే టీపీఓ అనే ఇనీషియేటర్‌ను, సంతాన సామర్థ్యానికి హాని చేస్తుందన్న కారణంతో, ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు నుంచి గోళ్ల జెల్ వంటి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. నా విద్యార్థులు ఇప్పుడు దానికి బదులు వెతుకుతున్నారు.

చివరగా చేతుల సంగతి. గట్టిపడని అక్రిలేట్ చర్మానికి తగులుతూ ఉంటే ఎలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం వదలదు. ఆ ప్రెస్సు ఫోర్‌మన్ ప్రతి కార్డు మీదా బొటనవేలు ఒత్తి చూసేవారు. గ్లవ్స్ వేసుకోమంటే, "గ్లవ్స్ ఉంటే జిగట తెలియదు సార్" అన్నారు. ఆయన మాట నిజమే. అందుకని గ్లవ్స్‌తో పాటు చిన్న దూది ఉండ చేతికిచ్చాను. కార్డు మీద ఒత్తి తీసి, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడాలి. పైపొర బిగియకపోతే దూది పోగులు అక్కడే నిలబడి కనిపిస్తాయి.