చెవిలో బుస: తప్పు సెట్‌ది కాదు, బస్తాది

[టేబుల్ మీద ట్రాన్స్‌మిటర్, బెల్ట్ ప్యాక్, రెండు జతల ఇయర్స్, ఒక గిన్నెలో బియ్యం]

పోయిన నెల ఒక సంగీత్ ప్రోగ్రాం. సౌండ్ చెక్ జరుగుతుంటే కీబోర్డ్ వాయించే తమ్ముడు ఇయర్స్ (స్టేజి మీద తమ పాట తమకి వినపడటానికి చెవిలో పెట్టుకునే వైర్‌లెస్ ఇన్-ఇయర్ మానిటర్లు) పీకేసి నా దగ్గరికొచ్చాడు. "అన్నా, చెవిలో వాన పడుతోంది, మీరే వినండి" అన్నాడు. విన్నా. వాన కాదు, పాము. స్‌స్‌స్ అని ఆగకుండా బుస. పక్కనున్న ఇంకో ఆయన అప్పటికే తీర్పు చెప్పేశాడు: "సెట్ పోయింది, కొత్తది కొనాల్సిందే."

నేను రెండే చూశాను. ప్యాక్ (నడుముకి తగిలించుకునే రిసీవర్) మీద వాల్యూమ్ చివరిదాకా తిప్పేసి ఉంది. స్టేజి పక్కన, మిక్సర్ శబ్దాన్ని ప్యాక్‌కి పంపే ట్రాన్స్‌మిటర్ మీటర్లో అడుగున ఒక్క పచ్చ లైటు, అదీ ఉండీ లేనట్టు. సెట్టుకి ఏ రోగమూ లేదు.

చర్చి బ్యాండ్, ఆర్కెస్ట్రా, కాలేజీ బ్యాండ్, ఎక్కడికెళ్లినా ఇదే తంతు. ట్రాన్స్‌మిటర్‌కి భయం భయంగా కొంచెం పంపుతారు, చాలట్లేదని ప్యాక్‌లో ఫుల్ పెడతారు. అడిగితే, "క్లిప్ అవుతుందేమోనని తగ్గించానన్నా." క్లిప్ అంటే శబ్దం హద్దు దాటి పగలడం. జాగ్రత్తే, కానీ తప్పు చోట.

[గిన్నెలోంచి గుప్పెడు బియ్యం తీసి చూపిస్తూ]

మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి హైదరాబాద్‌కి లారీలో బియ్యం బస్తా వస్తోందనుకోండి. దారిలో ప్రతి బస్తాలోనూ గుప్పెడు రాళ్లు పడతాయి. ఎలా పడతాయని అడక్కండి, నా కథ, నా లారీ. ముఖ్యమైన సంగతేంటంటే, బస్తా నిండుగా ఉన్నా, అడుగున శేరు బియ్యమే ఉన్నా, పడేది అదే గుప్పెడు. బియ్యం మీ పాట. రాళ్లు హిస్, అంటే ఆ బుస. మధ్యలో ఉన్న దారి మీ వైర్‌లెస్ లింక్.

ఇప్పుడు తినేవాడికి ఒక పళ్లెం అన్నం కావాలి. బస్తా నిండుగా వస్తే అందులోంచి ఒక పళ్లేనికి సరిపడా తీసుకుంటాడు. ఎప్పుడో ఒక రాయి తగిలితే తగులుతుంది. బస్తాలో శేరే వచ్చిందనుకోండి, మొత్తం బోర్లించాలి. గుప్పెడు రాళ్లూ పళ్లెంలోనే. ఇక ప్రతి ముద్దకీ పంటి కింద రాయే. ఆ బోర్లించడమే ప్యాక్ వాల్యూమ్ ఫుల్ పెట్టడం. ఆ నాబ్‌కి ఏది బియ్యం, ఏది రాయి అన్న తేడా తెలీదు, రెండిటినీ కలిపే పెంచుతుంది.

కాబట్టి చేయాల్సింది: బస్తా నింపి పంపడం, పళ్లెంలోకి తక్కువ తీసుకోవడం.

[ట్రాన్స్‌మిటర్ ముందు భాగం క్లోజప్]

చేతల్లోకి వద్దాం. ఒక్క హెచ్చరిక: ముందు అందరి ప్యాక్‌లూ బాగా తగ్గించండి, ఇయర్స్ చెవుల్లోంచి తీయించండి. ప్యాక్ ఫుల్‌లో ఉండగా ట్రాన్స్‌మిటర్ పెంచితే ఆ పిల్లాడి చెవులు పోతాయి. నవ్వులాటకి చెప్పట్లేదు.

ఇప్పుడు బ్యాండ్ మొత్తాన్నీ ఒకేసారి వాయించమనండి. "చెక్ చెక్ వన్ టూ" కాదు. డ్రమ్మర్ చివరి పాట చివర్లో ఎంత కొడతాడో అంత కొట్టాలి. అప్పుడు మీ మిక్సర్‌లో ఆక్స్ మాస్టర్ (ట్రాన్స్‌మిటర్‌కి వెళ్లే మిక్స్ మొత్తానికి ఉండే వాల్యూమ్) పెంచుకుంటూ రండి. ట్రాన్స్‌మిటర్ మీటర్ పసుపు దాకా తరచూ వెళ్లాలి, ఎరుపు మాత్రం వెలగకూడదు. బస్తా నిండాలి, మూతి పగలకూడదు. పగిలితే ఆ శబ్దం హిస్ కంటే అసహ్యంగా ఉంటుంది, ప్యాక్‌లో ఎంత తగ్గించినా పోదు.

ఆక్స్ చాలా పెంచినా మీటర్ లేవట్లేదంటే ట్రాన్స్‌మిటర్‌లో ఇన్‌పుట్ సెట్టింగ్ చూడండి. చాలా సెట్లలో +4, −10 అని రెండు ఉంటాయి, కొన్నిట్లో లైన్, ఆక్స్ అని రాసి ఉంటుంది. +4 అంటే గట్టిగా పంపే పెద్ద మిక్సర్లకి. −10 అంటే బలహీనంగా పంపే చిన్న మిక్సర్లకి. రెండిటి మధ్య తేడా దాదాపు 12 డీబీ (డెసిబెల్, శబ్దం ఎక్కువ తక్కువల కొలత). చిన్న మిక్సర్ పెట్టుకుని స్విచ్ +4 మీద వదిలేస్తే మిల్లు దగ్గరే మీ బస్తా సగం ఖాళీ.

ట్రాన్స్‌మిటర్‌కి 12 డీబీ ఎక్కువ పంపి, ప్యాక్‌లో 12 డీబీ తగ్గించండి. పాట చెవికి మునుపటంతే వినిపిస్తుంది. పాట ఆగినప్పుడు వినిపించే లింక్ హిస్ మాత్రం 12 డీబీ పడిపోతుంది. రూపాయి ఖర్చు లేదు. సెట్ మార్చమన్న పెద్దమనిషికి ఇది చూపించండి.

[ప్యాక్ చేతిలోకి తీసుకుని]

"అన్నా, మా సెట్లో పాట ఆగితే నిశ్శబ్దమే, పాడుతుంటేనే వెనక స్‌స్ అంటోంది" అని కొందరంటారు. చెవి మోసం కాదది. అనలాగ్ సెట్లలో కంపాండర్ ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ బియ్యాన్ని నొక్కి బస్తాలోకి దూరుస్తుంది, ప్యాక్ దాన్ని మళ్లీ విడదీస్తుంది. విడదీసేటప్పుడు చిన్న శబ్దాలని ఇంకా చిన్నవి చేస్తుంది. అందుకే నిశ్శబ్దంలో హిస్ దాక్కుంటుంది, నోట్ మొదలవగానే దానితో పాటే లేస్తుంది. ఒంటరిగా ఒక వేణువో, మెల్లని ఆలాపనో ఉంటే బాగా తెలుస్తుంది. మీరు టెస్ట్ చేసేటప్పుడు కూడా నిశ్శబ్దంలో విని "బాగుంది" అనేయకండి. మెత్తటి పాట ఒకటి పెట్టి వినండి.

నాకు బాగా ఇష్టమైన సంగతి స్టీరియో. ఊరు దాటి కారులో వెళ్తుంటే ఎఫ్ఎం రేడియోలో స్టీరియో గుర్తు ఆరిపోవడం, అప్పటిదాకా ఉన్న బుస టక్కున తగ్గడం గమనించారా? అనలాగ్ ఇన్-ఇయర్ సెట్లు వాడేది కూడా అదే పద్ధతి. ఎడమ కుడి కలిపిన శబ్దం కింద 15 కిలోహెర్ట్జ్ లోపు ప్రయాణిస్తుంది. 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పైలట్ టోన్, ఇది స్టీరియో అని చెప్పే గుర్తు. ఎడమ కుడి తేడా 38 కిలోహెర్ట్జ్ చుట్టూ ఎక్కి వస్తుంది. ఎఫ్ఎంలో పైకి వెళ్లేకొద్దీ నాయిస్ పెరుగుతుంది. అంటే మోనో (రెండు చెవులకీ ఒకే శబ్దం) అయితే ఒకే బస్తా, లారీ అడుగున భద్రంగా. స్టీరియో అయితే ఇంకో బస్తాని లారీ టాప్ మీద కట్టారన్నమాట. దుమ్మూ రాళ్లూ అన్నీ దానికే.

మీ ఆక్స్ ఎలాగూ మోనో మిక్సే అయితే సెట్‌ని స్టీరియోలో ఎందుకు పెట్టారు? మోనోకి మార్చండి, హిస్ ఎంత తగ్గుతుందో వెంటనే తెలుస్తుంది. స్టీరియో మిక్స్ నిజంగా కావాల్సిన వాళ్లు ఉంటారు, నేను కాదనను. గాయకుడికి తన గొంతు మధ్యలో, వాద్యాలు అటూ ఇటూ ఉంటే హాయి. కానీ అలవాటుగా స్టీరియో పెట్టి హిస్ అని ఏడవకండి.

[మూడు వేళ్లు చూపిస్తూ]

బస్తా నింపినా హిస్ ఉందంటే రాళ్లు ఎక్కడ కలుస్తున్నాయో పట్టుకోవాలి. ట్రాన్స్‌మిటర్ ఆన్‌లోనే ఉంచండి. ఆఫ్ చేస్తే స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దం ఆపేసే ఏర్పాటు) పడి ప్యాక్ మూగబోతుంది, మీకేమీ తెలియదు. మిక్సర్ నుంచి వచ్చే కేబుల్ మాత్రం పీకండి. హిస్ గణనీయంగా తగ్గిందా? రాళ్లు మిల్లులోనే కలుస్తున్నాయి. ఎవరూ పాడని మైకులు ఆ ఆక్స్‌లో తెరిచి ఉంటాయి, లేదా ఎవరో కంప్రెసర్‌లో (శబ్దం హెచ్చుతగ్గుల్ని సర్దేది) మేకప్ గెయిన్, అంటే చివర్లో మళ్లీ పెంచే మోతాదు, దంచేసి ఉంటారు, లేదా ప్రీయాంప్ గెయిన్ (మిక్సర్‌లో మైకు సిగ్నల్‌ని మొదట పెంచేది) తక్కువ పెట్టి ఫేడర్‌తో లాగుతుంటారు. మిల్లులో కలిసిన రాళ్లకి బస్తా ఎంత నింపినా లాభం లేదు, అక్కడే ఏరాలి.

కేబుల్ పీకినా పోలేదా? ప్యాక్ వాల్యూమ్ సున్నాకి తిప్పండి. అప్పుడు పోతే అది లింక్‌ది. సున్నాలోనూ వినిపిస్తుంటే అది ప్యాక్ లోపలి హెడ్‌ఫోన్ యాంప్‌ది. పళ్లేనికి ముందే అంటుకున్న రాళ్లు.

ఆ రాళ్లు అందరికీ తగలవు. [రెండు జతల ఇయర్స్ చూపిస్తూ] ఈ ష్యూర్ ఎస్ఈ 215 సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్నది, మిల్లీవాట్‌కి 107 డీబీ. ఈ ఎస్ఈ 535ది 119. ఒకే ప్యాక్‌కి మార్చి మార్చి పెడితే రెండోదాంట్లో బుస ఎక్కువ. ఖరీదైనవి కొన్నాక హిస్ పెరిగిందని ఫోన్లు చేసేవాళ్లున్నారు. మీ ఇయర్స్ చెడ్డవి కావు స్వామీ, పళ్లు పదునెక్కాయంతే. మధ్యలో సిగ్నల్ తగ్గించే ఒక చిన్న అటెన్యుయేటర్ పెడితే ఆ పదును తగ్గుతుంది, వాల్యూమ్ కొంచెం పెంచుకుంటారు, పళ్లెం రాళ్లు వినిపించవు. మామూలు రెసిస్టర్ అడాప్టర్ పెడితే మాత్రం లోపల రెండు మూడు డ్రైవర్లు (బుల్లి స్పీకర్లు) ఉన్న ఇయర్స్‌లో టోన్ మారొచ్చు. విని కొనండి.

[కెమెరా వెనక నుంచి ఎవరో చేయి ఊపుతారు]

బ్యాటరీ ఎర్రబడిందట, గబగబా చెప్పేస్తా. ఒకే తీరుగా సాగే బుస కాకుండా చిటపటలాడుతుంటే, తెగి తెగి వస్తుంటే అది రేడియో సిగ్నల్ గొడవ, గెయిన్‌ది కాదు. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నాని ర్యాక్ వెనక, ఇనుప ట్రస్ పక్కన దాచకండి. స్టేజి వైపు చూసేలా, మనుషుల తలలకి పైన పెట్టండి. దూరం సగం చేస్తే ఖాళీ స్థలంలో 6 డీబీ బలం పెరుగుతుంది. ప్యాక్ యాంటెన్నాని మడిచి జేబులో కుక్కకండి, మన ఒళ్లు సిగ్నల్‌ని మింగేస్తుంది. కొన్ని సెట్లలో ఇయర్స్ వైరే రెండో యాంటెన్నా, దాన్ని ప్యాక్ చుట్టూ చుట్టేస్తే మీ చేత్తో మీరే సిగ్నల్ తెంపుకున్నట్టు.

ప్యాక్‌లో హై బూస్ట్ (సన్నటి పై శబ్దాల్ని పెంచేది) ఉంటే ఆపండి, హిస్ ఉండేది ఎక్కువగా ఆ పైనే. ఇయర్ టిప్ సైజు సరిచూసుకోండి, వదులైతే బేస్ కారిపోయి మీరు వాల్యూమ్ పెంచుతారు, దాంతో పాటే హిస్ కూడా వస్తుంది. లిమిటర్ (శబ్దం హఠాత్తుగా హద్దు దాటకుండా ఆపేది) ఆన్‌లో ఉంచండి. డిజిటల్ సెట్ల గురించి చాలా మంది అడుగుతున్నారు, ఈరోజు కుదరదు.

ఆ కీబోర్డ్ తమ్ముడి సంగతా? స్విచ్ −10కి మార్చాను, ఆక్స్ మాస్టర్ పెంచాను, మోనో పెట్టాను. ప్యాక్ నాబ్ చివరి నుంచి సగం కిందకి వచ్చింది. పెట్టుకుని విన్నాడు, వాన ఆగిందన్నాడు. రెండు నిమిషాలకి మళ్లీ వచ్చాడు. "అన్నా, ఇప్పుడు ఏదో జుంయ్ అంటోంది." అది వాళ్ల కీబోర్డ్ అడాప్టర్. ఇన్నాళ్లూ ఆ బుస కింద వినపడలేదంతే.