మా డాబా మీద నాన్న కాగితం పూలు

హాయ్ అండీ, ఈసారి వీడియో డాలస్ నుంచి కాదు, మా విజయనగరం నుంచి. పిల్లల సెలవులకు వచ్చాం. జెట్‌లాగ్‌తో నిద్ర పట్టక ఐదింటికే డాబా ఎక్కితే, నాన్న అప్పటికే కత్తెర పట్టుకుని కుండీల మధ్య ఉన్నారు.

ఇదిగో, ఈ ఆకులు చూడండి. మూడేళ్ల కిందట మా ముదురు గులాబీ రంగు కాగితం పూల చెట్టుకి ఒకే ఒక్క కొమ్మ ఇలా మీగడ రంగు అంచులతో వచ్చింది. తెగులేమో, నరికేయమంది అమ్మ. నాన్న నరకలేదు. మొగ్గలో ఒక్క కణం మారినా కొమ్మంతా వేరుగా రావచ్చట. ఒకే చెట్టుకి తెల్లవీ గులాబీవీ పూసే మేరీ పామర్ అనే రకం కూడా మిసెస్ బట్ అనే రకానికి అలా వచ్చిన కొమ్మే.

ఆ కొమ్మని పెన్సిల్ మందాన, జానెడు ముక్కలుగా కోసి, ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి పైన పాలిథిన్ కవరు కప్పారు. వానాకాలం కదా, నెలన్నరకల్లా వేళ్లు వచ్చాయి. నేను జాలిపడి రోజూ నీళ్లు పోసిన కుండీ మాత్రం కుళ్లిపోయింది. దాని గురించి ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

అసలు పని ఆ తర్వాతే. ఇరవైలో పదకొండు బతికితే, అంచు నిలిచినవి ఆరే. వాటిలోనూ ఉన్నట్టుండి పూర్తి పచ్చ కొమ్మ లేస్తుంది. పచ్చదనం ఎక్కువ కాబట్టి అది ఏపుగా పెరిగి రంగు కొమ్మని తొక్కేస్తుంది, కనబడగానే మొదలంటా తీసేయాలి. మరీ తెల్లగా వచ్చిందీ పనికిరాదు, ఎండకి మాడిపోతుంది. మధ్యస్తంగా ఉన్న కొమ్మ నుంచే మళ్లీ ముక్కలు. ఇది మూడో తరం.

తీసేసిన మొక్కల్ని పారేయనివ్వదు అమ్మ. "బతికిన మొక్కని పారేస్తారేటి?" అంటూ పంచేసింది. మా వీధిలో ప్రతి గేటు దగ్గరా మా పచ్చ మొక్కే!

ఈ అంచు మొక్కని కొత్త రకంగా రిజిస్టర్ చేయించమన్నాను. మొక్కల రకాల రక్షణకి వచ్చిన 2001 చట్టం ప్రకారం కొత్త రకమంటే మిగతావాటికి భిన్నంగా, అన్ని మొక్కలూ ఒకేలా, తరతరానికీ నిలకడగా ఉండాలి. "ఒకేలా ఉండటం దగ్గరే ఆగిపోయాం అమ్మలూ" అన్నారు నాన్న.

నాకొకటి పట్టుకెళ్దామంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కకి చీడపీడలు లేవనే ధ్రువపత్రం, కావాలి. అది సంపాదించినా, డాలస్‌లో ఒక్క గడ్డకట్టే రాత్రి చాలు దీనికి.

నాన్న ఐస్‌క్రీం పుల్లల మీద 3-ఎ, 3-బి అని రాసి గుచ్చుతున్నారు. 3-బి చిగురుకి అంచున లేత గులాబీ ఛాయ కూడా వచ్చింది. అది నిలిచేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. మీకు చెప్పేశాను.